అతుకు కాదు, మియాని

సాగే గుడ్డతో నేను కుట్టుకున్న ప్యాంటు ఒకటి మా ఇంట్లో మేకుకు వేలాడుతున్నది. బూడిద రంగుది. గుట్టలెక్కడానికి కుట్టుకున్నాను. డెబ్బై దాటిన మనిషికి గుట్టలెక్కే ప్యాంటేమిటని నవ్వినవాళ్లు నవ్వారు. వాళ్లకు జవాబు చెప్పే ఓపిక అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఆ ప్యాంటు ఆసనంలో, అంటే రెండు కాళ్లూ కలిసే చోట, బర్ఫీ ఆకారంలో గుడ్డముక్క ఒకటి ఉంది. దాని సంగతి మాత్రం రాయాలి. యాభై ఏళ్లు మోసిన కోపం ఒకటి దానివల్ల తప్పని తేలింది.

నేను దేవరకొండలో దర్జీని. ఐదో తరగతితో బడి ముగిసింది. మిగతా చదువంతా నమూనాలు కత్తిరించడానికి తెచ్చుకున్న పాత పేపర్లలో చదువుకున్నాను. సగం వార్త ప్యాంటు కాలులోకి, సగం చొక్కా చేతిలోకి పోయేది. తెగిపోయినది నేనే ఊహించుకునేవాణ్ణి. కుట్టుపని కూడా అంతే. చిరిగిన ప్యాంట్లు అడిగి తెచ్చుకుని, కుట్లు విప్పి, ముక్కలు నేల మీద పరిచి, మళ్లీ కలిపి కుట్టి నేర్చుకున్నాను. నాకెవరూ నేర్పలేదని గర్వంగా చెప్పుకునేవాణ్ణి. ఆ గర్వం వెనక ఒక మనిషి మీద కోపం ఉండేది.

ఆయన మా బజారులోనే పైజామాలు, షేర్వానీలు కుట్టేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఊరంతా ఉస్తాద్ అని పిలిచేది. నేను మాత్రం భాయ్ అనేవాణ్ణి. పద్దెనిమిదేళ్లప్పుడు పని నేర్పుమని ఆయన దుకాణం మెట్లెక్కాను. నేర్పకుండా పంపించాడు. "తనవాళ్లకే నేర్పుకుంటడు, మనకు నేర్పడు" అని కనబడినవాడికల్లా చెప్పాను. ఆ మాట ఆయన చెవిన పడే ఉంటుంది. ఎన్నడూ అడగలేదు.

రాష్ట్రం వచ్చాక మా బజారు రెండు వైపులా పెరిగింది. రెడీమేడ్ దుకాణాలు వచ్చాయి, అద్దాల తలుపులు వచ్చాయి. ఉస్తాద్ దుకాణంలో ఆయన కొడుకు సెల్‌ఫోన్లు బాగు చేస్తున్నాడు. ఉస్తాద్ కళ్లు పోయాయి. పొద్దున ఒక కుర్చీలో దుకాణం ముందు కూర్చోబెడితే సాయంత్రందాకా అక్కడే. నా దుకాణం ఇంకా ఉంది కాని నా పని ఇప్పుడు ఎవరో కుట్టిన ప్యాంట్లను పొట్టి చేయడమే. మనిషిని కొలిచి గుడ్డ కోసినవాణ్ణి, ఇప్పుడు గుడ్డకు సరిపోని మనుషులకు అంచులు మడిచి ఇస్తున్నాను. కాలు ముందుకు చాపి నిలబడి "రెండించులు తీసెయ్ తాతా" అంటారు. వాళ్ల మీద కోపం రావడం కూడా మానేసింది.

ఒక్క పని మాత్రం మానలేదు. ఏడాదికోసారి నల్లమలలో సలేశ్వరం లింగమయ్య జాతరకు పోవడం. చైత్ర పున్నమికి అడవి ఆఫీసువాళ్లు కొద్ది రోజులే దారి విడుస్తారు. అచ్చంపేట దాటి, మన్ననూరు దాటి, జీపు దిగిన తర్వాత రాళ్ల మీద నడక, ఆ తర్వాత లోయలోకి దిగుడు. అది ఇప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా కాదంటారు. జిల్లాలు ముక్కలు చేసినవాళ్లను అడగండి, నాకు మాత్రం అది పాలమూరే. భక్తి అని అనుకోకండి. నాకు అంత భక్తి లేదు. ఏడాది పొడుగునా మిషన్ తొక్కి తొక్కి ఎక్కడికీ పోని కాళ్లు ఇవి. వాటిని ఏడాదికోసారైనా ఎక్కడికైనా తీసుకుపోవాలని పెళ్లి కాకముందు మొదలుపెట్టాను. ఆ లోయలో పైనుంచి పడే నీళ్ల కింద తల పెట్టినప్పుడే నేను కూర్చుని బతికే మనిషినన్న సంగతి మరిచిపోతాను.

రెండేళ్ల కింద అక్కడే పడ్డాను. పంచె కట్టుకుని దిగుతున్నాను. ఒకచోట మోకాలెత్తు రాయి. పంచె కుచ్చి కాలి కింద పడి, అలాగే జారి, పిక్క చీరుకుపోయింది. ముక్కూమొగం తెలియని నలుగురు నన్ను భుజాల మీద పైకి మోశారు. నీళ్లు చూడనే లేదు. మోస్తున్నంతసేపూ కళ్లు మూసుకుని ఉన్నాను, నొప్పికి కాదు.

ఇంటికి వచ్చాక మా ఆవిడ ఒకటే మాట అన్నది.

"ఇంక పంచె కట్టుకొని ఆ లోయల దిగితే నా మీద ఒట్టే."

"ప్యాంటు ఏసుకొని పోత."

"పో. మొన్నటేడు ఏస్కపోతివి గద? మోకాలు మలుగక ఎడ్లబండి కాడి లెక్క నిలవడ్డవంట."

అదీ నిజమే. నేను జీవితమంతా కుట్టిన టెర్రీకాటన్ ప్యాంటు బస్సులో కూర్చోవడానికి, పెళ్లిలో నిలబడడానికి పనికొస్తుంది. నా మోకాలు ముందే సగం వంగుతుంది. ఆ గుడ్డలో ఆ సగం కూడా వంగదు. మరుసటి ఏడు పోలేదు. ఈ ఏడు పోకపోతే ఇంక పోనని నాకు తెలుసు. మోకాళ్ల సంగతి మోకాళ్లున్నవాడికే తెలుస్తుంది.

కంటి పరీక్షకు హైదరాబాదు పోయినప్పుడు మా అల్లుడు ఒక పెద్ద ఆటసామాన్ల దుకాణానికి తీసుకుపోయాడు. అందులో గుట్టలెక్కే ప్యాంట్లని ఒక వరుస ఉంది. పట్టి లాగితే సాగుతున్నాయి, వదిలితే మళ్లీ ఉన్నచోటికి వస్తున్నాయి. నీళ్లు పోస్తే జారిపోతాయని దుకాణంలో పనిచేసే అమ్మాయి చెప్పింది. నాకు ముచ్చటేసింది. కానీ దర్జీవాడు ప్యాంటు కొనే ముందు లోపలివైపు తిప్పి చూస్తాడు. తిప్పాను. ఆసనంలో బర్ఫీ ముక్కలాంటి అతుకు.

మా పనిలో అతుకంటే ఏమిటో మీకు తెలియకపోవచ్చు. గుడ్డ చాలకపోతే, కొలత తప్పితే, లేదా గుడ్డ దొంగిలిస్తే అతుకు పడుతుంది. అతుకు పడ్డ ప్యాంటును నేను ఏ రోజూ గిరాకీ చేతికి ఇవ్వలేదు.

"ఇదేందమ్మా, అతుకేసిన ప్యాంటు అమ్ముతున్నరు?"

"అది డిజైన్ సార్."

"అతుకును డిజైన్ అంటరా? ఎవరు చెప్పిన్రు నీకు?"

"అన్నిట్లో అట్లనే ఉంటది సార్."

"అన్నిట్ల ఉంటే దొంగతనం కాకుండ పోతదా? మీ పెద్దసారును పిలువు."

అల్లుడు నా భుజం పట్టుకున్నాడు. "మామా, జర సప్పుడు చెయ్యకు, అందరు సూస్తున్నరు."

పెద్దసారు రాలేదు. ఆ అమ్మాయి ప్యాంటు నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, మడిచి, మళ్లీ వరుసలో పెట్టింది. ఆమె మొహంలో కోపం లేదు, అలసట ఉంది. పొద్దుటి నుంచి నాలాంటివాళ్లు ఎందరు వచ్చారో. ఆ సంగతి అప్పుడు తట్టలేదు. అతుకు లేకుండా నేనే కుట్టి చూపిస్తానని బయటికొచ్చాను.

దేవరకొండలో కట్ పీసుల దుకాణంలో గుడ్డ దొరికింది. "లైక్రా కలిసింది తాతా, నాలుగు దిక్కుల సాగుతది" అన్నాడు దుకాణదారు. ఇంటికి తెచ్చి బల్ల మీద పరిచాను. అప్పటి నుంచి మొదలైంది పీడ.

గుడ్డ బల్ల మీద నిలవదు. సుద్దతో గీస్తే గీత వెంట అదీ జరుగుతుంది. కోసేటప్పుడు ఒక పొడుగు, కోసినంక ఒక పొడుగు. గంజి పెడితే కుదురుకుంటుందనుకున్నాను, మెత్తటి గుడ్డ ఏదైనా మేం చేసేది అదే. గిన్నెడు గంజి కాచి ముంచాను. గంజి చేమాకు మీది నీళ్లలా జారి కింద పడింది. వాకిలంతా గంజి, గుడ్డ మాత్రం పొడి. మా ఆవిడ గడపలో నిలబడి చూసింది.

"గంజి తాగని గుడ్డ నువ్వు తొడుగుతవా? గుట్టలెక్కెటందుకు గింత కథనా? మీ బాపు గోసి పెట్టుకొని ఎక్కలేదా?"

"మా బాపుకు మోకాళ్లున్నయి."

"నోరు గూడ తక్కువుండె."

కుట్టబోతే సూది కుట్టు వదిలేస్తున్నది. నాలుగు పడితే రెండు పడవు. నలభై ఏళ్లుగా నా మాట విన్న మిషన్, నన్ను ఎరగనట్టు చేసింది. నూనె వేశాను, దారం మార్చాను, మిషన్‌ను తిట్టాను. చివరికి సూదిని కంటి దగ్గర పెట్టుకుని చాలాసేపు చూస్తే అర్థమైంది. పదునైన మొన ఆ సాగే పోగును పొడుస్తున్నది. పోగు సూదితోపాటే కిందికి పోయి మళ్లీ పైకొస్తున్నది. మొన కొంచెం గుండ్రంగా ఉండే సూదులు ఉంటాయని ఎప్పుడో పేపర్లో చదివిన గుర్తు. అల్లుడికి ఫోన్ చేసి తెప్పించాను. గుడ్డ కింద పాత పేపరు పట్టీలు పెట్టి, గుడ్డను రెండు చేతులతో కొంచెం లాగి పట్టి కుట్టాను. తర్వాత పేపరు చింపేశాను. ఎడమ కాలి లోపలి కుట్టులో ఇంకా 'క' అక్షరం ఉన్న పేపరు ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. చదువు ఎక్కడికి పోతుంది!

నెల పట్టింది. అతుకు లేదు. లోపలా బయటా ఒకటే తీరు. తొడుక్కుని ఇంట్లో అటూ ఇటూ నడిచాను, పీట మీద కూర్చుని లేచాను. మోకాలు వంగితే గుడ్డ కూడా వంగింది. ఆ దుకాణం అమ్మాయికి చూపించాలనిపించింది.

జాతర వారం ఉందనగా పొద్దున్నే దాన్ని తొడుక్కుని ఊరి పక్కనున్న ఖిల్లా గుట్ట ఎక్కడానికి పోయాను. మెట్లు కూలిన చోట పెద్ద రాయి ఒకటి ఉంది, సలేశ్వరంలో నేను పడ్డ రాయి ఎత్తు ఉంటుంది. కాలెత్తి పెట్టాను. కాలు అందింది. రెండో కాలు లేపుతుంటే కింద 'పర్ర్' మన్నది. చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఆసనంలో నాలుగు కుట్లు కలిసేచోట బెత్తెడు చిరిగింది. దారం తెగలేదు. గుడ్డే చిరిగింది.

ఆ రాయి మీద కూర్చున్నాను. ఊరు కింద తెల్లగా కనిపిస్తున్నది. ఇంక చాలనిపించింది. పెద్ద దుఃఖమేం కాదు. పొద్దంతా పనిచేసినవాడికి సాయంత్రం అన్నం కూడా వద్దనిపించినట్టు. గుడ్డ అయిపోయింది, రోజులు అయిపోతున్నాయి, కాళ్లు ఎప్పుడో అయిపోయాయి. ఒట్టు నిలుపుకుని ఇంట్లో కూర్చుంటే అందరికీ సంతోషం.

తువ్వాలు నడుముకు కట్టుకుని దిగాను. బజారులో ఉస్తాద్ కుర్చీ ముందు నుంచి పోవాలి, వేరే దారి లేదు. చప్పుడు చేయకుండా పోదామనుకున్నాను. కళ్లు లేనివాడికి చెవులు ఎక్కువ.

"ఏం భాయ్, కొత్త పెండ్లికూతురు లెక్క గంత చిన్నచిన్న అడుగులు వేస్తున్నవ్?"

ఆగిపోయాను. నా అడుగు ఆయన గుర్తు పడతాడని నాకు తెలియదు.

"ప్యాంటు చినిగింది" అన్నాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆయన ముందు నేను కుట్టినది చినిగిందని నోటితో ఒప్పుకోవడం అదే మొదలు.

"ఎవరు కుట్టిన్రు?"

"నేనే."

ఆయన నవ్వలేదు. చెయ్యి చాపాడు. "ఇటియ్యి."

"బజార్ల ఇప్పి ఇయ్యాల్నా?"

"లోపటికి వొయ్యి ఇప్పు. మావాడి లుంగీ ఉంటది."

సెల్‌ఫోన్ల దుకాణం లోపల, ఒకప్పుడు ఆయన కత్తిరించే బల్ల ఉన్నచోట, లుంగీ కట్టుకుని ప్యాంటు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన దాన్ని తిప్పి, నడుము నుంచి కిందికి వేళ్లతో తడుముకుంటూ పోయాడు. జేబు దగ్గర ఆగాడు. "కుట్టు సాఫ్ ఉంది" అన్నాడు. చిరుగు దగ్గరికి వచ్చాక వేళ్లు అక్కడే చాలాసేపు వెతికాయి.

"మియాని ఏది?"

"అంటే?"

"మియాని భాయ్, మియాని. నడిమి గుడ్డ. పైజామాల ఉండదా, బర్ఫీ లెక్క?"

"అది అతుకు గద. నేను అతుకు వెయ్య."

అప్పుడు నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నేను నీళ్లు తెచ్చి ఇచ్చాను.

"అతుకు గుడ్డ తక్కువైతే వేస్తరు. మియాని మనిషి కాలు లేపాలె గనుక వేస్తరు. నాలుగు తొవ్వలు ఒక్క కాడ్నే గుద్దుకుంటే ఏమైతది? లడాయి ఐతది. నడుమ ఇంత జాగా ఇస్తే ఎవని తొవ్వల వాడు పోతడు. గుర్రమెక్కెటోనికి, నమాజుల వంగెటోనికి, గుట్ట ఎక్కెటోనికి, అందరికి అదే."

నాకు ఆ దుకాణంలో అమ్మాయి, ప్యాంటును మెల్లగా మడిచిన ఆమె చేతులు కళ్ల ముందుకొచ్చాయి. ఆమె చెప్పింది నిజం. నేను అంతమందిలో దొంగతనం అన్నాను.

సిగ్గుపడ్డ మనిషికి కోపం తొందరగా వస్తుంది. నాకూ వచ్చింది.

"గిది నాకు ఆనాడే నేర్పుంటే ఏం పొయ్యేది నీకు? పని నేర్పుమని నీ మెట్లెక్కిన. ఎళ్లగొట్టినవు."

"నేనా?" ఆయన గుడ్డి కళ్లు నా వైపు తిరిగాయి. "ముందుగాల ఆర్నెల్లు పైజామా కుట్టుమన్న. పైజామాల ఏముంది, నాకు ప్యాంటే గావాలె అన్నవు నువ్వు. మెట్లు దిగి పోయినవు. నేను ఎళ్లగొట్టలే భాయ్. రేపన్న వస్తవని రొండు మీటర్ల తెల్లగుడ్డ తీసి పక్కకు పెట్టిన. రాలే."

నాకు ఆ రోజు గుర్తుంది. పైజామా అన్న మాట కూడా గుర్తుంది. ఇన్నేళ్లూ ఆ మాటను నేను మరిచిపోలేదు, పక్కకు పెట్టాను. నాడా పైజామా అంటే పిల్లలాట అనుకున్నాను. నన్ను తప్పించుకోవడానికి అన్నాడనుకున్నాను. మెట్లు దిగుతూనే 'తనవాళ్లకే నేర్పుకుంటడు' అన్న మాట తయారు చేసుకున్నాను. యాభై ఏళ్లు దాన్ని ఊళ్లో తిప్పాను. విన్నవాళ్లలో కొందరు నమ్మారు కూడా. నమ్మి ఇంకా ఏమేం అనుకున్నారో, ఆయనతో ఎట్లా నడుచుకున్నారో నాకు తెలియదు.

"నేను నీ గురించి ఊర్ల ఒక మాటన్న" అన్నాను.

"ఎరికే" అన్నాడు. "చిరుగు ఇంక పెద్దగ గాకముందే కుట్టుకో. పున్నమి దగ్గర్కొచ్చింది."

ఆయన వేళ్లతో గాలిలో కొలత చూపించాడు, జానకు కొంచెం తక్కువ. గుడ్డ ముక్కకు ఇల్లంతా వెతికాను. మిగిలిన పీలికను మా ఆవిడ గిన్నెలు దించడానికి మసిగుడ్డ చేసుకుంది. మొదటి రోజే అది వేడికి కరిగి అన్నం గిన్నెకు అంటుకుందని నన్ను తిట్టిన తిట్లు వేరే. చివరికి ప్యాంటు వెనక జేబు విప్పాను. అందులోంచి మియాని కోశాను. చిరిగిన మేర తీసేసి, నాలుగు మూలలూ నాలుగు కుట్లకు కలిపి కుట్టాను. ఒక పూట పని. తొడుక్కుని కాలెత్తితే ఏదీ లాగలేదు. మా ఆవిడ కిందికీ మీదికీ చూసి, "ఇదేందో ఒప్పింది" అన్నది. ఆమె మళ్లీ ఒట్టు మాట ఎత్తలేదు.

పున్నమికి పోయాను. దిగేటప్పుడు అందరితోపాటు "వస్తున్నం లింగమయ్యా" అని అరిచాను. నేను పడ్డ రాయి దగ్గర ఆగి, ఒక చెయ్యి రాతికి ఆనించి, కాలు కిందికి వదిలాను. గుడ్డ సాగింది, కాలు ఆనింది. ఎవరూ చూడలేదు, చూడవలసినంత పని కూడా కాదు. కింద నీళ్లు ఎప్పటిలాగే సన్నగా, చల్లగా పడుతున్నాయి. తల పెట్టాను. బట్టలు పిండుకునే పని కూడా లేకుండా నీళ్లు ప్యాంటు మీంచి జారిపోయాయి.

ఎక్కడమే కష్టమైంది. ప్యాంటు ఎంత ఎత్తుకు రమ్మంటే అంత ఎత్తుకు వస్తున్నది, మోకాలు రావడం లేదు. పది అడుగులకు ఒకసారి కూర్చున్నాను. తర్వాత ఐదు అడుగులకు. బిడ్డను చంకన వేసుకుని ఎక్కుతున్న ఒక తల్లి "తాతా, బండలు యాడికి పోవు, మెల్లగ రా" అన్నది. పొద్దు వాలే వేళకు పైకొచ్చాను. అక్కడ అందరూ లోయవైపు తిరిగి "పోతున్నం లింగమయ్యా" అని అరుస్తారు. మా ఇళ్లల్లో ఎవరూ అట్లా అనరు. గడప దాటేవాడు పోయొస్తా అనాలి, పోతున్నా అంటే ఇంట్లోవాళ్లు తిడతారు. అక్కడ మాత్రం ఎందుకట్లా అంటారని ప్రతి ఏడూ అనుకునేవాణ్ణి. ఈసారి ఆ మాట నా నోటికి సరిగ్గా సరిపోయింది. అరిచే ఊపిరి లేదు. మెల్లగానే అన్నాను.

మూడు రోజులు మంచం మీద ఉన్నాను. నాలుగోనాడు ప్యాంటు ఉతక్కుండానే సంచిలో పెట్టుకుని ఉస్తాద్ దగ్గరికి పోయాను. ఆయన వేళ్లు నేరుగా మియాని దగ్గరికే పోయాయి. మట్టి గోకి, నాలుగు మూలలూ ఒక్కొక్కటే నొక్కి చూశాడు.

"ఒక్క కుట్టు పోలే ఉస్తాద్" అన్నాను.

"వచ్చే యేడు?"

"ప్యాంటు పోతదేమో. నేను పోను. మోకాళ్లకు మియాని ఎవరు వేస్తరు?"

ఆయన ప్యాంటు మడిచి నా చేతికిచ్చాడు.

"అయితే ఇంక ఖాళీగనే ఉంటవు" అన్నాడు. "రేపు రా. నా పైజామాలు అన్ని చినిగినయి. కుట్టు, నేను చెప్త."

పోవాలి. రెండు మీటర్ల తెల్లగుడ్డ మాత్రం నన్నే తెచ్చుకోమన్నాడు.